మళ్ళీ తలెత్తుతున్న తట్టు: సూరత్ డిండోలి తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసిన టీకా వివరాలు

అహ్మదాబాద్ నుంచి చెన్నై వెళ్ళే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్ దాటగానే ఉధనా వద్ద జల్గావ్ మార్గంలోకి మళ్ళుతుంది. ఆ రైలు మార్గానికి సమీపంలోనే డిండోలి ఉంది. ఒకప్పుడు చోర్యాసీ తాలూకాలో గ్రామంగా ఉన్న ఈ ఊరు నేడు సూరత్ నగరంలో కలిసిపోయి కార్మికుల నివాస ప్రాంతంగా మారింది. మరమగ్గాల కర్మాగారాలు, అద్దకం మిల్లులు, చీరల మార్కెట్లు కల్పించిన ఉపాధిని వెతుక్కుంటూ ఖాందేశ్ మరాఠీలు, ఉత్తరప్రదేశ్, బీహార్, ఒడిశా వాసులు ఈ పరిసరాలకు వచ్చి స్థిరపడ్డారు. తెలంగాణ నేత కుటుంబాలు కూడా లింబాయత్, ఉధనా, డిండోలి ప్రాంతాల్లో తరాలుగా జీవిస్తున్నాయి. పెళ్ళిళ్ళకు, పండుగలకు, పురుళ్ళకు వారిని వరంగల్, ఖమ్మం వైపు తీసుకువెళ్ళి తిరిగి తెచ్చేది ఇదే రైలు. ఈ రాకపోకల నడుమ చంటిబిడ్డకు వేయించవలసిన టీకా తేదీ ఒక్కటి తప్పినా, ఆ సందును పట్టుకునే వ్యాధి ఒకటి ఉంది. అదే తట్టు.

వైద్యులు మీజిల్స్ అని పిలిచే ఈ వ్యాధిని తెలుగునాట తట్టు అనీ, పొంగు అనీ అంటారు. గుజరాతీలో దీని పేరు ఓరీ, హిందీలో ఖస్రా, మరాఠీలో గోవర్. నాలుగు భాషలు వినిపించే డిండోలి వంటి చోట ఈ పేర్లన్నీ తెలిసి ఉండటం అవసరం. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త "ఓరీ టీకా వేయించారా" అని అడిగినప్పుడు, అది తట్టు టీకా గురించిన ప్రశ్నేనని తల్లికి అర్థం కావాలి.

వ్యాధి స్వభావం

తట్టు మార్బిల్లీ వైరస్ వర్గానికి చెందిన క్రిమి వల్ల వస్తుంది. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, మాట్లాడినప్పుడు వెలువడే సూక్ష్మ తుంపరలతో గాలిలో వ్యాపిస్తుంది. రోగి వెళ్ళిపోయిన తర్వాత కూడా ఆ గది గాలిలో రెండు గంటల వరకు వైరస్ సజీవంగా ఉండగలదు. రక్షణ లేని పదిమంది రోగికి దగ్గరగా మెలిగితే వారిలో తొమ్మిదిమందికి వ్యాధి సోకుతుంది. టీకా లేని సమాజంలో ఒక్క రోగి నుంచి 12 నుంచి 18 మందికి సోకుతుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. మనిషికి తెలిసిన అంటువ్యాధుల్లో ఇంత వేగం గలవి అరుదు.

వైరస్ సోకిన సుమారు 10 నుంచి 14 రోజులకు లక్షణాలు బయటపడతాయి. మొదట తీవ్రమైన జ్వరం, జలుబు, పొడిదగ్గు, కళ్ళు ఎర్రబడి నీరు కారడం కనిపిస్తాయి. కొందరికి బుగ్గల లోపలి వైపు ఉప్పురవ్వల వంటి తెల్లని మచ్చలు వస్తాయి. న్యూయార్క్ శిశు వైద్యుడు హెన్రీ కాప్లిక్ 1896లో వీటిని వర్ణించినందువల్ల ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ తర్వాత చెవుల వెనుక, ముఖంపైన మొదలైన ఎర్రని దద్దు మెడ, ఛాతీ, కాళ్ళ వరకు పాకుతుంది.

దద్దు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచి, కనిపించిన తర్వాత నాలుగు రోజుల వరకు రోగి ఇతరులకు వ్యాధిని అంటించగలడు. అంటే తల్లిదండ్రులు జలుబు జ్వరమేనని భావించే రోజుల్లోనే బిడ్డ నుంచి వైరస్ బయటికి వెళుతూ ఉంటుంది. కిక్కిరిసిన రైలు పెట్టె, మరమగ్గాల కార్మికులు కలిసి అద్దెకుండే ఇరుకు గదులు, అంగన్‌వాడీ, పెళ్ళి పందిరి, ఆసుపత్రి వరండా దానికి అనువైన స్థలాలు.

అమ్మవారి నమ్మకం, వైద్య అవసరం

ఒంటిపై దద్దు, పొక్కులు వస్తే "అమ్మవారు పోసింది" అనడం, గుమ్మానికి వేపమండలు కట్టడం, బిడ్డను ఇంట్లోనే ఉంచడం తెలుగునాట పాత ఆచారం. ఉత్తర, పశ్చిమ భారతంలోనూ దీనికి "మాత" పేరుతో ఇలాంటి ఆచారమే ఉంది. ఈ ఆచారంలో ఒక మేలు లేకపోలేదు. రోగిని ఇతరుల నుంచి వేరుగా ఉంచడం వల్ల వ్యాప్తి కొంత తగ్గుతుంది. అయితే మందులు వాడరాదని, ఆసుపత్రికి తీసుకువెళ్ళరాదని, పథ్యం పేరుతో ఆహారం తగ్గించాలని భావించడం బిడ్డకు హాని చేస్తుంది. వేపమండ గుమ్మానికి ఉన్నా, బిడ్డ వైద్యుని వద్ద ఉండవచ్చు. ఆ రెండింటి మధ్య వైరం లేదు.

తట్టు అందరికీ వచ్చిపోయే చిన్న జబ్బు అన్న భావన ఇంకా చాలా ఇళ్ళలో ఉంది. వాస్తవానికి పిల్లల్లో న్యుమోనియా, తీవ్రమైన విరేచనాలు, చెవిలో చీము వంటి సమస్యలకు ఇది దారి తీస్తుంది. పోషకాహార లోపం, ముఖ్యంగా విటమిన్ ఎ లోపం ఉన్న పిల్లల్లో కంటి నల్లగుడ్డు దెబ్బతిని చూపు పోవచ్చు. వ్యాధి సోకిన సుమారు వెయ్యిమందిలో ఒకరికి మెదడు వాపు వస్తుంది. చాలా అరుదుగా, వ్యాధి తగ్గిన ఆరు నుంచి పదేళ్ళ తర్వాత మెదడును క్రమంగా నాశనం చేసే ప్రాణాంతక రుగ్మత తలెత్తుతుంది. ఎక్కువ మరణాలు అయిదేళ్ళలోపు పిల్లల్లోనే సంభవిస్తాయి.

మరొక నష్టం పైకి కనిపించదు. శరీరం అంతకుముందు ఇతర వ్యాధులను ఎదుర్కొని సంపాదించుకున్న రోగనిరోధక జ్ఞాపకాన్ని తట్టు వైరస్ చెరిపివేస్తుంది. టీకా పొందని పిల్లలపై జరిపి 2019లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, తట్టు సోకిన తర్వాత పిల్లలు అప్పటివరకు ఉన్న ప్రతిరక్షకాల్లో 11 నుంచి 73 శాతం వరకు కోల్పోయినట్లు తేలింది. తట్టు తగ్గిన బిడ్డ ఆ తర్వాత నెలల తరబడి మాటిమాటికి జబ్బు పడటానికి కారణం ఇదే.

టీకా వచ్చిన క్రమం

ఒకసారి తట్టు వచ్చినవారికి మళ్ళీ రాదన్న సంగతి 1846లో ఫారో దీవుల్లో రూఢి అయింది. ఉత్తర అట్లాంటిక్‌లోని ఆ దీవులకు 1781 తర్వాత వ్యాధి రాలేదు. 65 ఏళ్ళ తర్వాత ఒక్కసారిగా ప్రవేశించి, దాదాపు 7,800 మంది జనాభాలో 6,000 మందికి పైగా సోకింది. డెన్మార్క్ యువ వైద్యుడు పీటర్ పానుమ్ పరిశీలించగా, 1781లో వ్యాధికి గురై బతికిన వృద్ధులకు అది మళ్ళీ రాలేదని తెలిసింది.

ఆ సహజ రక్షణను వ్యాధి బాధ లేకుండా కల్పించడమే టీకా లక్ష్యం. 1954లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జాన్ ఎండర్స్, థామస్ పీబుల్స్ ఒక పాఠశాల విద్యార్థి రక్తం నుంచి వైరస్‌ను వేరుచేశారు. దాన్ని బలహీనపరచి తయారుచేసిన టీకాకు 1963లో అనుమతి లభించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2000 నుంచి 2023 వరకు ఈ టీకా సుమారు 6 కోట్ల మరణాలను నివారించింది.

భారతదేశంలో 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో తట్టు టీకా చేరింది. 2010 నుంచి రెండో మోతాదును ప్రవేశపెట్టారు. 2017 ఫిబ్రవరిలో తట్టు, రుబెల్లా వ్యాధులు రెండింటినీ నివారించే ఎంఆర్ టీకాతో దశలవారీ ప్రచారం మొదలైంది. తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళ వరకు పిల్లలందరికీ టీకా వేసే ఈ ప్రచారం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 2017 ఆగస్టులో, గుజరాత్‌లో 2018 జులైలో ప్రారంభమైంది. రుబెల్లా పిల్లల్లో స్వల్పంగానే ఉంటుంది. గర్భిణికి తొలి నెలల్లో సోకితే మాత్రం పుట్టే బిడ్డకు చెవుడు, కంటి శుక్లాలు, గుండె లోపాలు రావచ్చు.

తగ్గిన వ్యాధి తిరిగి ఎందుకు వస్తోంది

తట్టు వ్యాప్తిని నిలువరించాలంటే ప్రతి ప్రాంతంలో కనీసం 95 శాతం పిల్లలకు రెండు మోతాదులూ అందాలి. కేంద్ర ఆరోగ్య శాఖ వివరాల ప్రకారం 2024-25లో దేశంలో మొదటి మోతాదు 93.7 శాతం, రెండో మోతాదు 92.2 శాతం పిల్లలకు అందింది. ఇవి పెద్ద అంకెలే. అయినా వ్యాధి ఎందుకు మిగులుతోందన్న ప్రశ్నకు చిన్న లెక్క సమాధానం చెబుతుంది.

ఒక ప్రాంతంలో ఏటా వెయ్యిమంది పిల్లలు పుడుతున్నారనుకుందాం. వారిలో 900 మందికి మొదటి మోతాదు అందింది. తొమ్మిది నెలల వయసులో ఇచ్చే మోతాదు సుమారు 85 శాతం పిల్లల్లోనే పూర్తి రక్షణ కలిగిస్తుంది. అంటే 765 మందికి రక్షణ వచ్చింది. టీకా తప్పిన వంద మందితో, టీకా పడినా ఫలించని 135 మందితో కలిపి 235 మంది ఆ ఏడాది రక్షణ లేకుండా మిగిలారు. రెండో మోతాదు వేయకపోతే నాలుగేళ్ళలో ఈ సంఖ్య 940కి చేరుతుంది. దాదాపు ఒక ఏడాది పుట్టిన పిల్లలంతా రక్షణ లేనట్లే. ఇంతమంది పోగుపడిన చోట ఎక్కడి నుంచో ఒక్క రోగి రావడమే ఆలస్యం, వ్యాధి ప్రబలుతుంది. కొన్నేళ్ళు కనిపించని తట్టు ఉన్నట్టుండి తలెత్తడం వెనుక ఉన్నది ఈ కూడికే. రెండో మోతాదు ఆ 135 మందిలో అత్యధికులను కాపాడుతుంది. మొదటిదే అందని వంద మందిని మాత్రం వెతికి పట్టుకోవాలి.

కోవిడ్ కాలంలో ఈ కూడిక వేగం పెరిగింది. 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 4 కోట్ల మంది పిల్లలకు తట్టు టీకా మోతాదు తప్పింది. ఆ ఫలితం 2022 చివరలో మన దేశంలోనే కనిపించింది. ముంబయిలోని గోవండీ వంటి పేదల బస్తీల్లో తట్టు ప్రబలి పలువురు చిన్నారులు మరణించారు. అదే సమయంలో అహ్మదాబాద్, రాంచీ, మలప్పురంలలోనూ కేసులు పెరగడంతో 2022 నవంబరులో కేంద్రం నిపుణుల బృందాలను పంపింది. వ్యాప్తి ఉన్న ప్రాంతాల్లో తొమ్మిది నెలల నుంచి అయిదేళ్ళ పిల్లలకు అదనపు మోతాదు ఇచ్చే విషయం పరిశీలించాలని రాష్ట్రాలకు సూచించింది. సూరత్‌కు ఉత్తరాన అహ్మదాబాద్, దక్షిణాన ముంబయి ఒకే రైలు మార్గంపై ఉన్నాయి.

సంపన్న దేశాలకూ మినహాయింపు లేదు. 2000లో తట్టును నిర్మూలించినట్లు ప్రకటించిన అమెరికాలో 2025లో 2,000కు పైగా కేసులు నమోదయ్యాయి. టెక్సాస్‌లో టీకా పొందని ఇద్దరు పిల్లలు మరణించారు. కెనడా 2025 నవంబరులో నిర్మూలన హోదానే కోల్పోయింది. పసిఫిక్ దేశమైన సమోవాలో 2018లో టీకా మందును కలపడంలో జరిగిన పొరపాటు వల్ల ఇద్దరు శిశువులు చనిపోగా, టీకాపై జనంలో నమ్మకం సడలింది. మరుసటి ఏడాది తట్టు ప్రబలి, సుమారు రెండు లక్షల జనాభా గల ఆ చిన్న దేశంలో 83 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎక్కువమంది అయిదేళ్ళలోపు పిల్లలు.

డిండోలిలో తేదీ తప్పేది ఎక్కడ

సూరత్ అంటువ్యాధుల చరిత్రలో 1994 సెప్టెంబరు మరువరానిది. ప్లేగు భయంతో నగరం నుంచి లక్షలాది మంది వలస కార్మికులు రైళ్ళెక్కి స్వస్థలాలకు తరలిపోయారు. ఆ తర్వాత నగరపాలక సంస్థ చెత్త తొలగింపు, మురుగు నీటి వ్యవస్థలను సంస్కరించి దేశానికి ఆదర్శమైంది. ఎలుకలు, దోమలు, కలుషిత జలం వల్ల వచ్చే వ్యాధులకు ఆ పరిశుభ్రత అడ్డుకట్ట వేస్తుంది. గాలిలో ప్రయాణించే తట్టుకు మాత్రం వీధి ఎంత శుభ్రంగా ఉన్నా అడ్డు ఉండదు. దానిని ఆపగలిగేది బిడ్డ భుజానికి పడిన టీకా మాత్రమే.

వలస కుటుంబాల్లో ఆ టీకా తప్పడానికి కారణం చాలాసార్లు నిర్లక్ష్యం కాదు, ప్రయాణం. కానుపుకు ఆడబిడ్డ తల్లిగారింటికి వెళ్ళడం తెలుగువారి సంప్రదాయం. పుట్టినప్పటి టీకాలు, 6, 10, 14 వారాల టీకాలు అక్కడి ఆరోగ్య కేంద్రంలోనే పడతాయి. ఆ తర్వాత తల్లీబిడ్డలు సూరత్ చేరుకుంటారు. తట్టు మొదటి మోతాదు నిండా తొమ్మిది నెలలకు వస్తుంది. అప్పటికి తెలంగాణలో పేరు రాసుకున్న ఏఎన్ఎం వద్ద బిడ్డ ఉండదు. డిండోలిలోని కార్యకర్త జాబితాలో పేరు ఇంకా చేరి ఉండదు. 16 నుంచి 24 నెలల మధ్య వేయవలసిన రెండో మోతాదు నాటికి బిడ్డ నడుస్తూ, మాట్లాడుతూ ఆరోగ్యంగా కనిపిస్తుంది. టీకాలన్నీ అయిపోయాయని ఇంటివారు భావిస్తారు. అద్దె ఇల్లు మారడం, పగలు, రాత్రి పాళీల పని, భాష సమస్య, సెలవు దొరకకపోవడం ఈ అంతరాన్ని పెంచుతాయి.

టీకాకు సొంత ఊరు, సొంత రాష్ట్రం అన్న పట్టింపు లేదు. తెలంగాణలో ఇచ్చిన తల్లీబిడ్డల సంరక్షణ కార్డు సూరత్ నగర ఆరోగ్య కేంద్రంలోనూ చెల్లుతుంది. గుజరాత్‌లో దీన్నే మమతా కార్డు అంటారు. ప్రభుత్వ కేంద్రాల్లో, మమతా దివస్ పేరుతో జరిగే శిబిరాల్లో ఈ టీకా ఉచితం. కేంద్ర ప్రభుత్వ యూ-విన్ డిజిటల్ వేదికలో బిడ్డ పేరు నమోదైతే దేశంలో ఎక్కడైనా తదుపరి టీకా వేయించుకోవచ్చు. కార్డు పోయినా టీకా మానరాదు. అదనంగా ఒక మోతాదు పడినా బిడ్డకు హాని లేదు.

సూరత్ నగరపాలక సంస్థ పాఠశాలల్లో తెలుగు మాధ్యమానికీ చోటుంది. అక్కడ చేరే పిల్లల టీకా కార్డులను ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఒకసారి కలిసి చూసుకుంటే, తప్పిన మోతాదులు బయటపడతాయి. ఇంట్లోని తమ్ముళ్ళు, చెల్లెళ్ళ తేదీలూ గుర్తుకు వస్తాయి.

తల్లిదండ్రులు పాటించవలసినవి

తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు 9 నుంచి 12 నెలల మధ్య, రెండో మోతాదు 16 నుంచి 24 నెలల మధ్య వేయించాలి. ఆలస్యమైతే అయిదేళ్ళ వయసు వరకు ప్రభుత్వ కేంద్రాల్లో వేస్తారు. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు వారాల వ్యవధి ఉండాలి. ఊరికి ప్రయాణం కట్టేముందే కార్డు తీసి తేదీ చూసుకోవాలి. తేదీ దగ్గరపడితే టీకా వేయించి బయలుదేరడం, లేదా చేరిన ఊరిలో వెంటనే వేయించడం మంచిది.

స్వల్ప జలుబు, దగ్గు, కొద్దిపాటి విరేచనాలు, బరువు తక్కువగా ఉండటం టీకాకు అడ్డంకులు కావు. బలహీనంగా ఉన్న బిడ్డకే తట్టు వల్ల ముప్పు ఎక్కువ. గర్భిణులకు, రోగనిరోధక శక్తి తీవ్రంగా దెబ్బతిన్నవారికి మాత్రం ఈ టీకా వేయరు. టీకా తర్వాత వారం, పది రోజులకు కొందరు పిల్లల్లో జ్వరం, పలుచని దద్దు కనిపించి దానంతట అదే తగ్గుతుంది. తీవ్రమైన అలర్జీ అత్యంత అరుదు. అందుకే టీకా తర్వాత అరగంట కేంద్రంలోనే ఉండమంటారు. సీసాలోని పొడి మందును ద్రావణంతో కలిపిన తర్వాత నాలుగు గంటల లోపే వాడాలి. కలిపిన సమయం ఎంత అని తల్లిదండ్రులు అడగవచ్చు.

ఈ టీకాకు, ఆటిజానికి సంబంధం ఉందంటూ 1998లో బ్రిటన్‌లో వెలువడిన వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి సంబంధమేదీ కనిపించలేదు. వాట్సాప్‌లో తిరిగే సందేశాలను నమ్మేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

జ్వరంతో దద్దు కనిపిస్తే ఆశా కార్యకర్తకు, నగర ఆరోగ్య కేంద్రానికి తెలియజేయాలి. దద్దు వచ్చిన నాటి నుంచి నాలుగు రోజులు బిడ్డను బడికి, అంగన్‌వాడీకి, ప్రయాణానికి పంపరాదు. తల్లిపాలు, ద్రవాహారం, మామూలు భోజనం కొనసాగించాలి. తట్టు సోకిన పిల్లలకు వైద్యుల పర్యవేక్షణలో వరుసగా రెండు రోజులు విటమిన్ ఎ ఇస్తారు. ఇది మరణాలను, అంధత్వాన్ని తగ్గిస్తుంది. టీకాకు మాత్రం ప్రత్యామ్నాయం కాదు. ఆయాసం, మగత, ఫిట్స్, నీరు తాగలేకపోవడం, కంటి నల్లగుడ్డు మసకబారడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి. రోగితో మెలిగిన టీకా లేని పిల్లలకు 72 గంటల్లోపు టీకా వేయిస్తే వ్యాధి రాకుండా ఆపే అవకాశం ఉంది.

నిర్మూలనకు మిగిలిన దూరం

దేశం 2026 నాటికి తట్టు, రుబెల్లా నిర్మూలనను లక్ష్యంగా పెట్టుకుంది. ఇందుకోసం 2025 ఏప్రిల్ 24న జాతీయ ప్రచారం ప్రారంభమైంది. 2025 తొలి మూడు నెలల్లో 332 జిల్లాల్లో ఒక్క తట్టు కేసు కూడా నమోదు కాలేదని కేంద్రం ప్రకటించింది. మిగిలిన దూరం తక్కువే అయినా కష్టతరమైనది. జిల్లా సగటులో కనిపించని పిల్లలు, రెండు రాష్ట్రాల జాబితాల మధ్య జారిపోయిన పిల్లలు మిగిలినంత కాలం వ్యాధికి ఆశ్రయం ఉంటుంది.

డిండోలిలో బతుకుతెరువు కోసం వచ్చిన కుటుంబం బియ్యం కార్డు, ఆధార్ కార్డు భద్రంగా దాచుకుంటుంది. బిడ్డ టీకా కార్డు కూడా ఆ సంచిలోనే ఉండాలి. అందులో తట్టు టీకాకు రెండు గళ్ళు ఉంటాయి. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కే ముందు ఆ రెండు గళ్ళలో తేదీలు ఉన్నాయో లేవో చూసుకోవడానికి ఒక్క నిమిషం చాలు.